మూడు రబ్బర్లు, పదిహేడో సర్క్యులరు

లోకంలో ఎవరైనా పిల్లల గురించి గొప్పలు చెప్పుకుంటారు. చెల్లూరి సూర్యభాస్కరం మాత్రం తన సర్క్యులరు గురించి చెప్పుకునేవాడు. పిల్లలు లేక కాదు. ఇద్దరున్నారు, బుద్ధిమంతులే. కానీ వాళ్లను హెడ్డాఫీసువాళ్లు అచ్చువేయించి అన్ని డివిజన్లకూ పంపలేదు కదా!

భాస్కరం కాలువ గట్ల సంరక్షణ మండలి వారి లంకలపాడు ప్రాంతీయ కార్యాలయంలో సూపరింటెండెంటు. పంతొమ్మిదేళ్ల కిందట ఆఫీసులో బల్బులు మాయమైపోతున్నాయని అప్పటి అధికారి లబోదిబోమంటే, ఒక్క మధ్యాహ్నం కూర్చుని అతను రాసిపడేసిందే పదిహేడో నంబరు సర్క్యులరు. ‘పాత వస్తువును స్టోరునందు జమపరచనిదే కొత్త వస్తువు జారీ చేయరాదు. ఇందుకు ఎట్టి మినహాయింపూ లేదు.’ అసలు సంగతి ఆ రెండు వాక్యాలే, మిగతా నాలుగు పేజీలూ వాటి వివరణ. రెండో వాక్యమంటే అతనికి మరీ ముద్దు. భోజనానికి కూర్చున్నప్పుడు కూడా ఒకటి రెండుసార్లు మనసులో అనుకునేవాడు.

సర్క్యులరు బ్రహ్మాండంగా పనిచేసింది. నెల తిరక్కుండా బల్బుల దొంగతనం ఆగిపోయింది. ఆ తర్వాత మిగతావి కూడా ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. చీపురు అరిగిపోయిందంటే రాలిపోయిన పుల్లలు కూడా ఏరుకుని రమ్మన్నారు. మంచినీళ్ల కుండ పగిలితే పెంకులన్నీ పేర్చి కుండ ఆకారం తెచ్చి చూపించమన్నారు. ఒక్క పెంకు తక్కువైందని ఆ వేసవంతా ఆఫీసు మొత్తం ఎదురుగా ఉన్న టీకొట్లో నీళ్లు తాగింది. కాలిపోయిన కొవ్వొత్తిని ఎలా జమ చేయాలో ఎవరికీ తేలక, కరెంటు పోతే చీకట్లో కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. కొత్త క్యాలెండరు రావాలంటే పాతది డిసెంబరు ఇరవయ్యోనే ఇచ్చేయాలి గనక, ఏటా ఆఖరి పదకొండు రోజులూ ఆ ఆఫీసులో తేదీ ఉండేది కాదు.

ఇవన్నీ చూసి భాస్కరం సిగ్గుపడి ఉండాల్సింది. పడలేదు. పైగా “చూశావా, ఎంత కట్టుదిట్టమో!” అని భార్యతో చెప్పుకున్నాడు. తను రాసింది తనే చదువుకుని మురిసిపోవడం మొదలుపెట్టాక మనిషి ఇక బాగుపడడు. ఈ మాట నేనంటున్నది కాదు, తర్వాత తర్వాత అతనే అన్నాడు.

ఇక కారు సంగతి. ఆఫీసుకు ఒకే ఒక్క తెల్ల కారు, వయసు ఇరవై రెండేళ్లు. దాని డ్రైవరు నేలపూడి ఏసుపాదం. అంతకు ముందు జీపు, తర్వాత ఈ కారు, మొత్తం ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఏటి గట్ల మీద, బురదలో, తుపానుల్లో తిప్పినా ఒక్క గీత పడనివ్వలేదు. అతని సర్వీసు పుస్తకంలో మచ్చన్నది లేదు. వచ్చే నెలాఖరుకి రిటైరు.

ఆ కారుకి రెండు నెలలుగా ఒణుకు పట్టుకుంది. స్టార్టు చేస్తే స్టీరింగు, సీటు, అద్దాలు, లోపల కూర్చున్నవాళ్ల దవడలు అన్నీ ఒకే తాళంలో ఊగుతున్నాయి. గేరు మార్చినప్పుడల్లా కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ఢబ్బున మోత. కొత్తగా వచ్చిన ప్రాంతీయ అధికారిణి ఇందుమతి గారు ఓ రోజు గట్టు తనిఖీకి వెళ్తూ కారులో మజ్జిగ తాగబోయారు. మజ్జిగలో సగం చీర మీదకీ, మిగతా సగం ఆ రోజు సంతకం కావలసిన ఫైలు మీదకీ పోయింది. సాయంత్రానికి ఏసుపాదం చేతిలో మెమో ఉంది.

‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీరు వాహనమును ఉద్దేశపూర్వకముగా కుదుపులతో నడుపుచున్నట్లు అధికారుల అనుభవములోనికి వచ్చినది. ముదిమి వలన మీకు నైపుణ్యము క్షీణించినదేమో నిర్ధారించుటకై రాబోవు సోమవారము పరీక్ష నిర్వహించబడును. వాహనము గేటు నుండి జెండా స్తంభము వరకు కదలవలెను. ముందు భాగమున ఉంచిన గ్లాసులోని నీరు తొణకరాదు. తొణికినచో మీరు అనర్హులని సర్వీసు పుస్తకమున నమోదు చేయబడును.’

ఆ మెమో ముసాయిదా రాసింది ఎవరనుకున్నారు? భాస్కరమే. మేడం చెబుతుంటే చెయ్యి దానంతటదే రాసేసింది. ‘కదలవలెను’ అన్నచోట భాష బాగా కుదిరిందని కూడా అనుకున్నాడు. ఎవరికి ఇస్తున్నామన్నది కాగితం టైపై వచ్చాక తట్టింది.

ఏసుపాదం మెమో రెండుసార్లు చదివి జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. “భాస్కరంగారూ, నాకు కోపం లేదండి. కానీ చివరి పేజీలో ‘డ్రైవింగు రాదు’ అని రాయించుకుని ఇంటికెళ్లాలాండి? మా మనవరాలు అడుగుద్దండి, తాతా నీకు కారు తోలడం రాదంటగా అని. దానికేం చెప్పనండి?” అన్నాడు. గొంతు వణికింది. అప్పుడు కారు ఆగే ఉంది, ఆ వణుకు మటుకు అతనిదే.

భాస్కరం ఆ పూటే ఏసుపాదాన్ని, కారుని వెంటబెట్టుకుని మెకానిక్ ఖాజా షెడ్డుకి వెళ్లాడు.

ఖాజా బానెట్ ఎత్తి, “బ్రేకు తొక్కిపెట్టి ఎక్సలేటర్ ఇవ్వండన్నా” అన్నాడు. ఏసుపాదం అలాగే చేశాడు. ఇంజను నిద్రలో ఉలిక్కిపడ్డవాడిలా ఒక పక్కకి లేచి మళ్లీ దబ్బుమని కూర్చుంది.

“అదీ సంగతండి” అన్నాడు ఖాజా. “ఇంజనుకీ బాడీకీ మధ్య మౌంటింగులని మూడు రబ్బరు దిమ్మలుంటాయి. ఇంజను ఎంత గింజుకున్నా ఆ అదురంతా అవే మింగేస్తాయి. ఇవి చచ్చిపోయి ఎన్నాళ్లయిందో! ఇనుము మీద ఇనుము కొట్టుకుంటోంది. ఏసుపాదం అన్న కాబట్టి ఇన్నాళ్లు నడిపాడు. ఇంకెవరైనా అయితే సైలెన్సరు ఏ గట్టు మీదో ఊడిపోయేది.”

“మార్చడానికి ఎంతసేపు?”

“పూటలో పనండి. కింద చెక్క పెట్టి జాకీతో ఇంజను రవ్వంత ఎత్తాలి. ఒక రబ్బరు తియ్యాలి, కొత్తది బిగించాలి, రెండోదానికి వెళ్లాలి. ఒకదాని తర్వాత ఒకటే సుమండీ. మూడూ ఒకేసారి తీస్తే ఇంజను కూర్చోడానికి చోటుండదు.”

“కొత్తవి మా స్టోర్లోనే ఉన్నాయి, ఆరేళ్లుగా డబ్బా కూడా విప్పలేదు” అన్నాడు భాస్కరం హుషారుగా. అప్పటికి బుధవారం. సోమవారానికి బోలెడు టైముంది. చిన్న పని, చిటికెలో అయిపోతుంది అనుకున్నాడు పాపం.

స్టోర్ కీపరు పేరిచర్ల పల్లంరాజు పదిహేడో సర్క్యులరుని నమ్ముకుని బతికిన మనిషి. ఉదయం దేవుడికి దణ్ణం పెట్టి వచ్చి, స్టోరు గోడకి అంటించిన ఆ కాగితానికి కూడా ఇంచుమించు అదే పని చేసేవాడు. సామాను కావాలని భాస్కరం ఇండెంటు చీటీ రాసి ఇవ్వగానే కళ్లజోడు సర్దుకున్నాడు.

“మూడు మౌంటింగులు. ఆయ్, ఉన్నాయండి. పాతవి మూడూ ఏవండి?”

“కారులోనే ఉన్నాయి రాజుగారూ. ఒకటి తీసి ఒకటి వేయాలట. ముందు ఒక కొత్తది ఇస్తే, పాతది పట్టుకొచ్చి రెండోది తీసుకెళ్తాం.”

పల్లంరాజు నొచ్చుకున్నాడు. “ఏవండీ, మీరేనా ఇలా అడుగుతున్నది? పాతది జమ కాకుండా కొత్తది ఇస్తే మరి ఆ రెండో వాక్యం ఎందుకు రాసినట్టండి? పైగా ఇండెంటు ఒక్కటి. మూడూ ఒకే ఇండెంటు మీద అడిగారు గనక మూడూ ఒకేసారి జమ కావాలి. పేజీ మూడు, పేరా రెండు. ఇది అచ్చు కాపీ కాదు, మీ చేతి రాత అసలు ప్రతేనండి, చూసుకోండి.”

చూసుకున్నాడు. తన చేతి రాతే. ‘విడివిడిగా జమపరచుట అనుమతించబడదు’ అన్న వాక్యం కింద అప్పట్లో తనే ఎర్ర గీత కూడా గీశాడు. బల్బులు ఒక్కొక్కటిగా తెచ్చి పాతదాన్నే రెండుసార్లు చూపిస్తున్నారని రాసిన ముక్క అది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఇంజను మీద పడుతుందని ఎవరు కలగన్నారు?

ఖాజా వినగానే, “బజార్లో దొరుకుతాయండి, నేను తెచ్చి వేసేస్తా, మీరేం ఇవ్వక్కర్లేదు” అన్నాడు. భాస్కరం ప్రాణం లేచొచ్చింది. కానీ ఏసుపాదం తల అడ్డంగా ఊపాడు.

“వద్దండి. అందులోనే నాలుగో పేజీలో ఉందండి, ఆఫీసు బండిలో బయటి సామాను కనిపిస్తే డ్రైవరు సామాను మార్చేసి అమ్ముకున్నట్టేనని. ఇప్పుడు డ్రైవింగు రాదంటున్నారు, అప్పుడు దొంగంటారు. దొంగకంటే ఇదే నయం గదండి.”

నాలుగో పేజీ రాసింది కూడా తనే. ఆ పూట భాస్కరానికి అన్నం సయించలేదు. ఎదురుగా ఉన్నది తను వడ్డించిన విస్తరే అయినా ముద్ద దిగలేదు.

శుక్రవారం ఉదయం అతను ఖాజా చేయి పట్టుకుని బతిమాలాడు. “మూడూ తీసేయ్ నాయనా. గంటలో కొత్తవి తెచ్చేస్తా.” ఖాజా గొణుక్కుంటూనే కారుని ఆఫీసు ఆవరణలో పెట్టించి, ఇంజను కింద, కారు చట్రం మీద అడ్డంగా రెండు తుమ్మ మొద్దులు దోపి, మూడు రబ్బర్లూ తీసి చేతిలో పెట్టాడు. “స్టార్టు మాత్రం చెయ్యకండి, మొద్దులు జారి ఇంజను కిందకొచ్చేస్తుంది” అని పదిసార్లు చెప్పాడు. భాస్కరం ఆ మూడింటినీ రుమాల్లో కట్టుకుని పరిగెత్తాడు.

పల్లంరాజు రబ్బర్లు తీసుకుని, రసీదు ఇచ్చి, లోపల పెట్టి తాళం వేశాడు. “ఇప్పుడు వాహన పరిశీలనండి” అన్నాడు.

“అదేంటి?”

“ఇవి ఈ కారువేనని నేను కళ్లారా చూడాలి కదండీ. అయిదో పేజీ.”

వచ్చి, వంగి, కారు కింద తల పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి మోకాళ్ల మీద మట్టి దులుపుకుని అన్నాడు: “ఇంజనుకి ఆధారంగా ప్రస్తుతం ఉన్నవి రెండు కొయ్య మొద్దులు. అంటే రికార్డు ప్రకారం పాత వస్తువు ఇప్పుడు మొద్దులన్నమాట. అవి జమ చేయండి, కొత్త రబ్బర్లు ఇచ్చేస్తాను.”

“మొద్దులు తీస్తే ఇంజను కింద పడుతుంది రాజుగారూ!”

“అది మెకానికల్ విషయమండి. నాది స్టోర్సు విషయం.”

“సరే, తీసి ఇస్తాననుకోండి. తీసుకుంటారా?”

పల్లంరాజు మళ్లీ వంగి మొద్దుల వంక చూశాడు. మనిషి నిజాయితీపరుడు, అబద్ధం చెప్పడు. “తీసుకోలేనండి. అవి నా స్టోరు నుంచి జారీ అయినవి కావు. జారీ కానిది జమ కాదు.”

“పోనీ ఆ పాత రబ్బర్లే తిరిగి ఇచ్చేయండి. ఉన్న ఒణుకుతోనే పరీక్ష పెట్టుకుంటాం!”

“ఇవ్వడమంటే జారీయే కదండి. జారీ కావాలంటే...” అని ఆగి, భాస్కరం వంక జాలిగా చూశాడు. “మీకు నేను చెప్పాలాండి?”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదీ అయింది. నిన్నటిదాకా ఒణుకుతూనైనా నడిచిన కారు ఇవాళ ఇంజనుని రెండు మొద్దుల మీద మోసుకుంటూ స్టార్టు చేయడానికి కూడా వీల్లేకుండా కూర్చుంది. తన తెలివికి తనకే మొట్టికాయ వేసుకోవాలనిపించింది భాస్కరానికి. చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాడు.

పరుగున మేడం గదికి వెళ్లాడు. ఇందుమతి గారు మంచావిడే. కూర్చోమన్నారు కూడా.

“మేడం, పదిహేడో సర్క్యులరుకి ఈ ఒక్కసారి మినహాయింపు ఇప్పించాలి.”

ఆవిడ నవ్వారు. “భాస్కరంగారూ, మీరు నన్ను పరీక్షిస్తున్నారు. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మీ సర్క్యులరు మాకు పాఠం. ‘ఎట్టి మినహాయింపూ లేదు’. ఆహా! ఆ వాక్యం రాసిన వ్యక్తితో పనిచేసే అవకాశం వచ్చిందని ఎంత పొంగిపోయానో తెలుసా?”

భాస్కరం నోరు తెరిచాడు. “ఆ వాక్యం బుద్ధిలేక రాశాను మేడం” అనాలి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ పొగడ్త వినబడగానే మొహం దానంతటదే నవ్వేసింది. “థాంక్యూ మేడం” అని బయటికొచ్చాడు. వరండాలో నిలబడి తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆదివారమంతా ఇంట్లో మెమో నకలు ముందేసుకుని కూర్చున్నాడు. సాయంకాలం దీపం పెట్టే వేళకి అతని కన్ను ఒకచోట ఆగింది. ‘వాహనము కదలవలెను.’ నడుపబడవలెను అని లేదు. ఇంజను అన్న మాట కాగితం మొత్తంలో ఎక్కడా లేదు. కాగితంలో లేనిది లోకంలో లేనట్టేనని అతను పంతొమ్మిదేళ్లుగా ఆఫీసందరికీ నేర్పాడు. భార్యని పిలిచి, “రేపు పాత చొక్కా ఇవ్వు, చెమట పడుతుంది” అన్నాడు.

సోమవారం పదిన్నరకి గేటు దగ్గర కమిటీ కూర్చుంది. మేడం అధ్యక్షురాలు, పల్లంరాజు సభ్యుడు. భాస్కరం సభ్యకార్యదర్శి. బానెట్ మీద గాజు గ్లాసు, అంచుదాకా నీళ్లు. ఏసుపాదం తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. గడ్డం గీసుకున్నచోట చిన్న గాటు పడింది. ఉరికంబం ఎక్కుతున్నవాడిలా సీట్లో కూర్చుని రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నాడు.

“ప్రారంభించవచ్చును” అన్నారు మేడం.

సభ్యకార్యదర్శి కుర్చీలోంచి లేచి, కళ్లజోడు జేబులో పెట్టుకుని, కారు వెనక్కి వెళ్లి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాడు. అతని వెనకే ఇద్దరు గుమస్తాలు, వాచ్‌మన్ వచ్చి చేరారు. ఎవరూ పిలవలేదు. ఏసుపాదం మీద ఇష్టం కొద్దీ వచ్చారు.

“ఏమిటిది?” అన్నారు మేడం.

“వాహనము కదలుచున్నది మేడం” అన్నాడు భాస్కరం, రొప్పుతూ.

కారు కదిలింది. అబ్బ, ఏమి కదలడం! చప్పుడు లేదు, ఒణుకు లేదు. ఏసుపాదం గతుకు ఉన్నచోటల్లా స్టీరింగు వెంట్రుకవాసి తిప్పుతూ, బ్రేకు మీద బొటనవేలు మాత్రం ఆనిస్తూ, జెండా స్తంభానికి మూరెడు దూరంలో ఆపాడు. పల్లంరాజు గ్లాసు పక్కన తల వంచి చూశాడు. ఒక్క చుక్క తొణకలేదు. గుమస్తాలు చప్పట్లు కొట్టారు. భాస్కరం డిక్కీ మీద తల వాల్చి, చెమటో కన్నీళ్లో తేలని నీళ్లు తుడుచుకున్నాడు. చాలా సంతోషంగా ఉంది. పంతొమ్మిదేళ్లలో తన కాగితం ఒకరికి మేలు చేయడం అదే మొదటిసారి.

మేడం కమిటీ నివేదిక అక్కడికక్కడే చెప్పారు. ‘డ్రైవరు నైపుణ్యము నిర్ద్వంద్వముగా రుజువైనది. వాహనమున ఎట్టి కుదుపూ లేదు. పదిహేడవ సర్క్యులరు మేరకు మౌంటింగులు జమపరచుటవలననే కుదుపు తొలగినదని కమిటీ అభిప్రాయపడుచున్నది. కావున కొత్త మౌంటింగుల అవసరము లేదు.’

కింద సంతకం కోసం కాగితం భాస్కరం ముందుకొచ్చింది. సంతకం పెడితే ఏసుపాదం పేరు నిలుస్తుంది, కారు మాత్రం ఎప్పటికీ నడవదు. నిజం రాస్తే పరీక్ష చెల్లదు, ఏసుపాదం చివరి పేజీ నల్లబడుతుంది. భాస్కరం ఆలోచించకుండా పెట్టేశాడు. మనిషి కోసం పెట్టిన సంతకం కదా!

పది రోజుల్లో హెడ్డాఫీసు నుంచి అభినందన వచ్చింది. లంకలపాడు వాహనంలో కుదుపు లేదు, ఇంధన వినియోగం సున్నా, గతుకుల ఫిర్యాదులు సున్నా. మిగతా డివిజన్ల కార్లకు కూడా మౌంటింగులు తీసి జమ చేయాల్సిందిగా ఉత్తర్వులు వెళ్లాయి. మేడం గట్టు తనిఖీలు అప్పటి నుంచి గేటు దగ్గర మొదలై జెండా స్తంభం దగ్గర ముగుస్తున్నాయి. మజ్జిగ మాత్రం హాయిగా తాగుతున్నారు.

నెలాఖరు వచ్చింది. రిటైరైన మనిషిని ఆఫీసు కారులో, వెనక సీట్లో, మెడలో దండతో ఇంటిదాకా దింపి రావడం ఆ ఆఫీసులో ఆచారం. ఇన్నేళ్లలో అలా నలభై మందిని ఏసుపాదమే దింపాడు. ఇవాళ దండ అతని మెడలో ఉంది. సన్మానం అయ్యాక అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“ఆటోలో పోతానండి, ఏం పర్లేదు” అన్నాడు ఏసుపాదం.

“ఎక్కండి ఏసుపాదంగారూ” అన్నాడు భాస్కరం. అతన్ని ‘మీరు’ అని పిలవడం అదే మొదలు. ఏసుపాదం దండ సర్దుకుని ఎక్కాడు. వీడ్కోలుకి వచ్చిన ఖాజా స్టీరింగు పట్టుకున్నాడు. ఆఫీసంతా వెనక చేరి తోసింది. తెల్ల కారు బజారులోకి, పూలకొట్ల మీదుగా, చర్చి వీధి వైపు నెమ్మదిగా సాగింది. ఇల్లు రెండు కిలోమీటర్లు.

టీకొట్టు ఆయన బయటికొచ్చి అడిగాడు: “ఏమైందండీ కారుకి? పాడైపోయిందా?”

భాస్కరం తోయడం ఆపలేదు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. నలుగురూ వింటున్నారని తెలిసే, గట్టిగానే చెప్పాడు. “కారుకేం కాలేదండీ. ఎప్పుడో తెలివి ఎక్కువై నేనొక కాగితం రాశాను. దాన్నే తోస్తున్నాను.” వెనక నుంచి పల్లంరాజు కూడా తోస్తున్నాడు. ఆ మాట విని ఇంకాస్త గట్టిగా తోశాడు.

చర్చి మలుపు దగ్గర వెనక అద్దం దిగింది. ఏసుపాదం దండతో సహా తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. కళ్లు చెమ్మగిల్లాయి, మీసం కింద నవ్వుంది.

“భాస్కరంగారూ, ఇరవై రెండేళ్లలో ఈ బండి ఇంత మెత్తగా ఎప్పుడూ నడవలేదండి” అన్నాడు. “కానీ మీకు దణ్ణం పెడతాను బాబూ, ఈ ముక్క మాత్రం ఎక్కడా రాసి పెట్టకండి!”